మా సెక్రటరీని ఏడేళ్లుగా ఎవరూ కదపలేకపోతున్నారు. ఈ పట్టు ఎలా వస్తుంది, ఎలా నిలుస్తుంది?

ఐదో_అంతస్తు
మియాపూర్ వైపు 64 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. ఏడేళ్లుగా ఒకే ఆయన సెక్రటరీ. ప్రెసిడెంట్లు నలుగురు మారారు, ఆయన మాత్రం మారలేదు. మొన్న ఆదివారం జనరల్ బాడీ మీటింగ్. దానికోసం వారం రోజులు కూర్చుని లెక్కలు తీశాను. జనరేటర్ డీజిల్, లిఫ్ట్ ఏఎంసీ, ట్యాంకర్లు, అన్నీ. నెలకి 18 వేలు ఎక్కడ మిగులుతాయో స్లయిడ్లు చేసి గోడ మీద వేసి చూపించాను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. అయ్యాక ఆయన లేచి "కుర్రాడు బాగా కష్టపడ్డాడు, కమిటీలో చూద్దాం" అన్నాడు. అంతే. చప్పట్లు కొట్టి అందరూ మిరపకాయ బజ్జీల వైపు వెళ్లిపోయారు. ఎన్నికకి చేతులెత్తమంటే ఆయనకి 41, నాకు 8. ఆ ఎనిమిదిలో ఒకటి నాది, ఒకటి మా ఎదురింటి తాతగారిది. ఆయనకి సరిగ్గా వినపడదు, ఎందుకెత్తాడో ఇప్పటికీ తెలియదు.

సెక్రటరీ డబ్బులు తినేస్తున్నాడని నేను అనడం లేదు. వచ్చే ఏడాదికి ఆ కుర్చీలోకి రావాలి, వచ్చాక నిలబడాలి. ఎలా? "వదిలెయ్ బ్రో, మనశ్శాంతి ముఖ్యం" లాంటి సలహాలు వద్దు. అవి ఇంట్లోనే ఫ్రీగా దొరుకుతున్నాయి.

చట్నీ_ఎక్స్‌ట్రా
బజ్జీలు ఎవరు తెప్పించారు?

ఐదో_అంతస్తు
ఆయనే. అసోసియేషన్ డబ్బులతో.

చట్నీ_ఎక్స్‌ట్రా
డబ్బులు మీవి, పేరు ఆయనది. నీ ప్రశ్నకి జవాబు ఆ పళ్లెంలోనే ఉంది కదా తమ్ముడూ.

నోట్‌ఫైల్_తాత
31 ఏళ్లు గవర్నమెంట్ ఆఫీసులో చేసి దిగాను. నాకు తెలిసినంతలో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మా ఆఫీసుకి రెండేళ్లకో కొత్త అధికారి వచ్చేవారు. వచ్చిన రోజు దండలు, మొదటి నెలంతా రివ్యూ మీటింగులు. కానీ ఆయన ముందుకి ఏ ఫైలు ఏ రోజు వెళ్లాలో తేల్చేది సీటులో ఉన్న సీనియర్ అసిస్టెంటు. నోట్‌ఫైల్ రాసేది అతను. రూలు ఏమిటి, గతంలో ఇలాంటి కేసులో ఏం చేశాం, ఇప్పుడేం చేయవచ్చు అని మూడు పేరాలు రాసి, చివర "ఉత్తర్వుల కొరకు" అని పెట్టి పంపేవాడు. పైవాడు నూటికి తొంభై సార్లు దాని కింద సంతకం చేసేవాడు. ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే నిర్ణయం పైవాడిదే. దాని రూపం మాత్రం కిందివాడిది.

మీ దగ్గర నోట్‌ఫైల్ అంటే మినిట్స్ పుస్తకం, ఎజెండా కాగితం. మీ మీటింగులో నీ స్లయిడ్లు ఎజెండాలో ఎన్నో అంశం? చివరిదేనని నా పందెం. బజ్జీల వాసన వచ్చాక ఎవడు వింటాడు? ఆ కాగితం ఎవరు తయారుచేస్తారో చూడు. నువ్వడగాల్సింది సెక్రటరీ పదవి కాదు, మినిట్స్ రాసే పని. ఆ పనికి ఎక్కడా పోటీ ఉండదు.

ఐదో_అంతస్తు
చివరి నుంచి రెండోది సర్. చివరిది "వందన సమర్పణ". మీ లెక్కలో పందెం మీరే గెలిచినట్టు.

శివారుభూమి
తాత చెప్పిన దానికి మా ఊరి లెక్క ఒకటి కలుపుతాను. మాది గోదావరి డెల్టా, కాలవ చివరి ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటిది, కాలవలు దాని వెంట వచ్చినవే. ఇన్నేళ్లలో ఎన్ని ప్రభుత్వాలు మారినా మా నాన్న దండం పెట్టింది మాత్రం కాలవ నీళ్లు వదిలే లస్కరుకే. ఎమ్మెల్యేకి కూడా పెట్టేవాడు, కానీ అయిదేళ్లకి ఒకసారి. తూము తలుపు తాళం లస్కరు దగ్గర ఉంటుంది. నాట్లప్పుడు పైవాళ్లు చేలు నిండా నీళ్లు పెట్టుకుని కూర్చుంటే, రాత్రి రెండింటికి సైకిల్ మీద వెళ్లి తలుపు నాలుగు అంగుళాలు దించేవాడు ఒక లస్కరు. ఆ నాలుగు అంగుళాలే శివారుకి నీళ్లు. పెళ్లికి మొదటి శుభలేఖ ఎవరికి వెళ్లేదో చెప్పక్కర్లేదు.

1997లో చట్టం వచ్చి నీటి సంఘాలు పెట్టారు, ఎన్నికలు జరిపారు, ప్రెసిడెంట్లు వచ్చారు. బోర్డు వాళ్లది, తాళం మాత్రం లస్కరుదే. మీ అపార్ట్‌మెంట్‌లో తూము తలుపు ఏదో ముందు కనుక్కో.

లిఫ్ట్_పనిచేయదు
మా దాంట్లో అది బోరు మోటార్ స్విచ్ ఉన్న గది.

నిమ్మకాయ_సోడా
నాకు ఈ ధోరణి నచ్చలేదు. ఎజెండాలో తొక్కెయ్, తాళం దాచుకో, ఇదంతా జనాన్ని ఇరుకున పెట్టి పెత్తనం చెలాయించడమే. అలా వచ్చిన పట్టు ఎలా పోతుందో మా దగ్గర చూశాను.

మా పాత సెక్రటరీ ఎవరి నంబరూ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ప్లంబర్, లిఫ్ట్ మెకానిక్, కరెంటు లైన్‌మన్, సెప్టిక్ ట్యాంకు వాడు, అందరూ ఆయన ఫోన్లోనే. ఏది పాడైనా ఆయన్నే బతిమాలాలి. చేసేవాడు, కానీ మూడుసార్లు అడిగించుకుని చేసేవాడు. ఒక ఏడాది కూతురి పురుడుకి అమెరికా వెళ్లాడు, ఆరు నెలలు. మొదటి వారం నరకం. లిఫ్ట్ ఆగింది, నాలుగో అంతస్తు ముసలావిడ కిందికి దిగలేక ఇబ్బంది పడింది. రెండో వారం ఎవరో లిఫ్ట్ లోపలి స్టిక్కర్ మీద నంబరు చూసి ఫోన్ చేశారు. వాడు గంటలో వచ్చాడు! నెల తిరక్కుండా అన్ని నంబర్లూ ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డులో అంటించాం. ఆయన తిరిగొచ్చి బోర్డు ముందు నిలబడి ఆ కాగితం చాలాసేపు చూశాడు. పాపం అనిపించింది నిజానికి. ఆ తర్వాతి ఎన్నికలో నామినేషన్ కూడా వేయలేదు.

శివారుభూమి
నిమ్మకాయ, నేను దాచుకోమనలేదు. తాళం ఎక్కడుందో చూడమన్నాను. ఆ లస్కరుకి జనం దండం పెట్టింది తలుపు మూసినందుకు కాదు, రాత్రి రెండింటికి లేచినందుకు.

ముగ్గుపిండి
మగవాళ్లందరూ తాళాలు, ఫైళ్లు అంటున్నారు. ఆ 41 చేతులు ఎందుకు లేచాయో చెప్తాను. మాదీ అలాంటి అపార్ట్‌మెంటే, నేనూ మా సెక్రటరీకే చెయ్యెత్తాను, కాబట్టి కారణం నాకు తెలుసు.

ఆయన భార్య ఇరవై మందితో చీటీ నడుపుతుంది. నెలకి 5 వేలు, లక్ష చీటీ. పాట పాడే రోజు వాళ్ల హాల్లో చాపలు వేస్తారు. రెండేళ్ల కిందట మా మామగారికి స్టెంట్ వేయాల్సి వచ్చింది. అది చీటీ మూడో నెల. అప్పుడు పాట గట్టిగా సాగుతుంది, ముప్పై వేల దాకా వదులుకోవాల్సి వచ్చేది. ఆవిడ పాటకి ముందే నలుగురి ఇళ్లకి వెళ్లి "ఈ నెల వాళ్లకి వదిలేద్దాం" అని చెప్పి వచ్చింది. నేను పాడాను, ఎవరూ ఎదురు పాడలేదు. ఈ సంగతి నాకు చెప్పింది కూడా ఆవిడ కాదు, ఆర్నెల్ల తర్వాత పక్కింటావిడ ద్వారా తెలిసింది. ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ ఫ్లాస్కులో కాఫీ వచ్చింది.

ఇప్పుడు ఎవరో అబ్బాయి వచ్చి డీజిల్‌లో 18 వేలు మిగులుతాయని గోడ మీద బొమ్మలు చూపిస్తే, 64తో భాగిస్తే నెలకి 281 రూపాయలు. దానికోసం నేను ఆవిడ మొగుడి మీద చెయ్యెత్తాలా?

ఐదో_అంతస్తు
మా ఆవిడ నా భుజం మీంచి ఇది చదివి గట్టిగా నవ్వుతోంది. మా సెక్రటరీ భార్యా ఇలాంటి చీటీయే నడుపుతుందట, తను అందులో ఉందట. నాకు ఇప్పుడే తెలిసింది.

చట్నీ_ఎక్స్‌ట్రా
మరి మీ ఆవిడ చెయ్యి ఎటు లేచింది?

ఐదో_అంతస్తు
ఫ్లాటుకి ఒకే ఓటు కాబట్టి బతికిపోయాను.

క్లాజ్_నంబర్_14
భావోద్వేగాలు అయ్యాయి కదా, కాగితాల సంగతికి వద్దాం. మీ సంఘం 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయిందా, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందా? రెండిటికీ పద్ధతులు వేరు. ముందు బైలాస్, అంటే మీ సంఘం నియమావళి, కాపీ తెచ్చుకో. పదవీకాలం ఎంత, వరసగా ఎన్నిసార్లు ఉండొచ్చు, మీటింగు చెల్లాలంటే ఎంతమంది ఉండాలి, ఒకరి బదులు ఇంకొకరు ఓటేస్తే చెల్లుతుందా, మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్లకి ఓటుందా, ఇవి చూడు. నాకు తెలిసిన పది అపార్ట్‌మెంట్లలో తొమ్మిదిటిలో బైలాస్ అంటే బిల్డర్ ఇచ్చిన జిరాక్స్. ఎవరూ తెరిచి చూడరు. సెక్రటరీ ఒక్కడే చదివుంటాడు.

గొడవ పెద్దదైతే రిజిస్ట్రార్ దగ్గరికి పరిగెత్తకు, ఆయన తీర్పు చెప్పే మనిషి కాదు. అది మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో పోవాల్సిన వ్యవహారం. అక్కడికి వెళ్తే నీ జుట్టు నెరుస్తుంది.

ఐదో_అంతస్తు
బైలాస్ తీశాను. మూడు నెలలు బాకీ ఉంటే ఓటు లేదని ఉంది. రిజిస్టర్ చూస్తే పన్నెండు ఫ్లాట్ల బాకీలు అంతకంటే ఎక్కువే. వాళ్లంతా మొన్న చేతులెత్తారు. ఇదే నా ఆయుధం. ఈ రాత్రి గ్రూపులో పెట్టేస్తా.

కీబోర్డ్_కింగ్
ఆగు ఆగు ఆగు. నేను చేసిన పనే ఇది.

రాత్రి 11:40కి వాట్సాప్ గ్రూపులో 14 బిల్లుల ఫొటోలు పెట్టాను, ఎర్ర గీతలు గీసి. ఒక్కొక్కటీ నిజమే. తెల్లారేసరికి తొమ్మిది మంది "సెక్రటరీగారి సేవలకి ధన్యవాదాలు" అని దండాల బొమ్మలు పెట్టారు. సగం మంది నన్ను లిఫ్ట్‌లో చూసి ఫోన్ చూసుకోవడం మొదలెట్టారు. బిల్లులు ఎవడూ తెరవలేదు. వాళ్లకి కనపడింది ఒక్కటే, నేను అర్ధరాత్రి ఒక పెద్దమనిషి పరువు తీశాను. అది నాలుగేళ్ల కిందటి మాట. ఇప్పటికీ మా అబ్బాయిని "బిల్లుల అంకుల్ కొడుకు" అంటారు.

పైగా నీ లిస్టులో పన్నెండు కుటుంబాల పేర్లున్నాయి. సెక్రటరీని కొట్టబోయి పన్నెండు ఇళ్లతో పగ తెచ్చుకుంటావు.

నోట్‌ఫైల్_తాత
కింగ్ అనుభవం మీద చెప్పాడు. ఆ లిస్టు తీసుకుని సెక్రటరీ ఇంటికి ఒక్కడివే వెళ్లు. "ఇది ఆడిట్‌లో తేలితే మీకు ఇబ్బంది, నేను వసూలుకి తోడు వస్తా" అను. మనిషి తప్పుకోవడానికి ఒక సందు వదలాలి. సందు లేకుండా మూల్లోకి నెడితే పిల్లి కూడా మీద పడుతుంది.

నిమ్మకాయ_సోడా
ఇది బ్లాక్‌మెయిల్‌కి పట్టుబట్ట కట్టడం కాదా తాతా?

నోట్‌ఫైల్_తాత
ఏం చేస్తే నోరు మూసుకుంటావు అని అడిగితే బ్లాక్‌మెయిల్. నేను వసూలు చేయిస్తా అంటే పని. తేడా నీకు తెలుసు, ఆయనకీ తెలుసు.

పాతపేపర్లు
చిన్న స్థాయిలో చూస్తున్నారు, పెద్దది చూడండి. ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికి ముఖ్యమంత్రి. 1984 ఆగస్టులో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చాక పదవి లాగేశారు. ఎమ్మెల్యేలు ఆయన వెంట నిలబడ్డారు, జనం రోడ్డు మీదికి వచ్చారు, నెల తిరిగేసరికి కుర్చీ వెనక్కి వచ్చింది. అదే మనిషి 1994 చివర్లో 294లో 216 సీట్లు గెలిచాడు. ఆయనకి అంతకుముందు ఎప్పుడూ రానన్ని సీట్లు. తొమ్మిది నెలల్లో, 1995 ఆగస్టులో, ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్లో. సెప్టెంబర్ 1న చంద్రబాబు ప్రమాణస్వీకారం.

జనం రెండుసార్లూ ఆయన్నే గెలిపించారు. మారింది మధ్యలోని వరస. 84లో ఎమ్మెల్యేకి తన బతుకు ఆయనతో ముడిపడి ఉందనిపించింది. 95లో ఆయన్ని నేరుగా కలవడమే కష్టమైందని వాళ్ల గోల. జిల్లాల్లో ఎవరికి ఏం కావాలో రోజూ కనుక్కుంటున్నవాడు ఇంకొకడు. జనం ఓటు అయిదేళ్లకొకసారి, ఎమ్మెల్యే ఫోన్ రోజూ.

రెండుగీతలు
అంటే వెన్నుపోటు కరెక్టేనంటావా? ఇలాంటివాళ్ల వల్లే

వేదిక_కాపలా
పార్టీల చర్చ ఇక్కడితో ఆపండి. రెండుగీతలు, మీ తర్వాతి రెండు పోస్టులు తీసేశాను. ఇంకొకటి వస్తే ఈ చర్చ మొత్తానికి తాళం వేస్తాను.

నిమ్మకాయ_సోడా
ఇదిగో తూము తలుపు తాళం! ఇంతసేపూ మన మధ్యే ఉంది.

శివారుభూమి
కాపలాగారికి మొదటి శుభలేఖ నాది.

న్యూజెర్సీ_నరసయ్య
ఇక్కడ మాకు ఈ సమస్య లేదు. ఓడినవాడు బయటికెళ్లి కొత్త సంఘం పెట్టుకుంటాడు. తానా ఉండగా ఆటా వచ్చింది, తర్వాత నాట్స్, నాటా. మా ఊళ్లో ఉగాదికి మూడు చోట్ల పచ్చడి తినాలి, ఎక్కడ తినకపోయినా అలక. కానీ మీ అపార్ట్‌మెంట్‌లో అది కుదరదు, లిఫ్ట్ ఒక్కటే కదా. ఓడినవాడితో రోజూ అయిదు అంతస్తులు కలిసి దిగాలి. అందుకే తాత చెప్పిన "సందు" మాట నాకు నచ్చింది.

లిఫ్ట్_పనిచేయదు
మా దాంట్లో ఎవరూ కలిసి దిగరు. పేరు చూడండి.

బేగంబజార్_బ్యాచ్
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? వినాయక చవితి లడ్డు వేలం చూడండి. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకి మొదలైంది, 2024కి 30 లక్షలు దాటింది. అక్కడ డబ్బు ఊరికి పోతుంది, పాడినవాడి పేరు ఊళ్లో నిలుస్తుంది, దాని లెక్క వేరు. మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన ఒకాయన మొదటి ఏడాదే 41 వేలకి లడ్డు పాడాడు. అంతకుముందు రికార్డు 9 వేలు. ఒక్క రాత్రిలో ఆయన "అన్న" అయిపోయాడు, ఆ ఏడాదే ప్రెసిడెంట్. రెండో ఏడాది మండపంలో అందరూ ఆయన వైపే చూస్తున్నారు, 65 వేలు పెట్టాల్సి వచ్చింది. మూడో ఏడాది వ్యాపారం దెబ్బతింది. వేలం మొదలయ్యేసరికి ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని గేటు దాకా వెళ్లాడు, అయిపోయేదాకా లోపలికి రాలేదు. ఆ తర్వాత మీటింగుల్లో ఆయన మాట ఎవరూ ఎత్తలేదు. తిట్టలేదు కూడా. అదే ఘోరం.

ముగ్గుపిండి
ఆ గేటు దగ్గర ఫోన్ పట్టుకున్న మనిషి నా కళ్ల ముందు కనిపిస్తున్నాడు. ఎవరైనా వెళ్లి లోపలికి తీసుకొచ్చుంటే బాగుండేది.

బేగంబజార్_బ్యాచ్
నేనూ వెళ్లలేదక్కా. అందుకే గుర్తుంది.

నోట్‌ఫైల్_తాత
ఐదో అంతస్తు మొదట్లో అడిగిన రెండో సగం మిగిలింది, వచ్చాక నిలబడడం. చెక్కు మీద ఎప్పుడూ ఒంటరిగా సంతకం పెట్టకు, రూలు ఒప్పుకున్నా సరే. "కాదు" అని చెప్పాల్సి వచ్చినప్పుడు నువ్వు చెప్పకు, రూలు చేత చెప్పించు. "అవును" మాత్రం నువ్వే వెళ్లి ఇంటి దగ్గర చెప్పు. నీ కింద ఒకణ్ణి తయారుచేసుకో, లేకపోతే నిమ్మకాయ చెప్పిన అమెరికా కథే.

శివారుభూమి
తయారుచేస్తే పాతపేపర్లు చెప్పిన కథ!

వేదిక_కాపలా
చూస్తున్నాను.

ఐదో_అంతస్తు
అయిదు నెలల తర్వాత వచ్చాను. అప్పుడు మాటలు పడేసి మాయమయ్యాడు అనుకోవద్దు.

శివారుభూమి అన్న తూము తలుపు మాకు ట్యాంకర్లే. వేసవి మొదలవగానే మంజీరా నీళ్లు రోజు మార్చి రోజు, బోరు గొంతు తడుపుతుందంతే. మార్చి నుంచి రోజుకి అయిదారు ట్యాంకర్లు. ఎన్ని వచ్చాయో వాచ్‌మన్ గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు, నెలాఖరుకి సున్నం వేసేవాడు. నేను ఒక రిజిస్టర్ కొని "నేను చూసుకుంటా" అన్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు, తెల్లారి అయిదున్నరకి లేచే పని ఎవరికి కావాలి? సంపులో కర్ర దించి ముందూ వెనకా కొలిచాను. 5 వేల లీటర్ల బండి అంటారు, చాలావాటిలో 4 వేల చిల్లర కూడా దిగడం లేదు. ఇరవై రోజులు రాశాను.

గ్రూపులో పెట్టలేదు. కింగ్‌కి థాంక్స్. సెక్రటరీ ఇంటికి వెళ్లి రిజిస్టర్ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేజీ పేజీ తిప్పాడు. ఆవిడ ఉప్మా పెట్టింది. మర్నాడు ట్యాంకర్ యజమానిని పిలిపించి, బండికి 150 తగ్గించి, సాయంత్రం గ్రూపులో తన పేరు మీద ప్రకటించాడు. 37 చప్పట్లు. నా పేరు ఎక్కడా లేదు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "రిజిస్టర్ ఎవరి దగ్గరుంది?" అని మా ఆవిడ ఒక్క ప్రశ్న అడిగి అటు తిరిగి పడుకుంది.

బాకీల లిస్టు కూడా తాత చెప్పినట్టే చేశాను. పన్నెండులో తొమ్మిది ఇళ్లు కట్టేశాయి. ఒకాయన తలుపు కూడా తీయలేదు.

నిన్న ప్రత్యేక మీటింగ్. నన్ను జాయింట్ సెక్రటరీగా ప్రతిపాదించింది ఆయనే. మినిట్స్ పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

నిమ్మకాయ_సోడా
నిన్ను కొనేశాడు బాబూ. ఒక పళ్లెం ఉప్మాకి.

ఐదో_అంతస్తు
కావచ్చు. నేనూ రాత్రంతా అదే ఆలోచించాను. డీజిల్ లెక్క ఇంకా అలాగే ఉంది, ఎత్తితే "చూద్దాం" అంటున్నాడు.

నోట్‌ఫైల్_తాత
వచ్చే మీటింగ్ ఎజెండా ఎవరు రాస్తారు?

ఐదో_అంతస్తు
నేనే సర్. డీజిల్ మొదటి అంశం. బజ్జీలు ఆఖర్న.

చట్నీ_ఎక్స్‌ట్రా
బజ్జీలు మాత్రం నువ్వే తెప్పించు.

ఐదో_అంతస్తు
ఒక్క నిమిషం, వాచ్‌మన్ ఫోన్. మోటార్ ఆగిందట. సెక్రటరీగారికి చేశావా అంటే, "ఆయనే మీకు చెయ్యమన్నారు సార్" అంటున్నాడు. టార్చి ఎక్కడుందో చూడాలి, వెళ్లొస్తా.